సీటీ కొట్టని పోరగాళ్లు

తొమ్మిది కాగానే సాయిలు కూరగాయల బండి గల్లీ మలుపు తిరిగేది. చక్రాల చప్పుడు వినబడీ వినబడకముందే నాగమణమ్మ చేతిసంచి పట్టుకుని గడప దిగేది. ఉప్పుగూడలోని ఆ గల్లీకి ఆ బండే అంగడి, ఆ బండే కచేరి. వంకాయ లేతదో ముదురో తొడిమ గిల్లి చూడటం, బీరకాయ కొస కొరికి చేదు చూడటం, ఆ మధ్యలో ఎవరింట్లో ఏమైందో వినడం, ఇదంతా అయ్యేసరికి అరగంట పట్టేది. "అమ్మా, నువ్వు గిల్లుడు అయినంక చెప్పు, నేను అమ్ముకుంట," అని సాయిలు నవ్వేవాడు.

ఇప్పుడు ఆమె ఆ బండి ముఖం చూసి ఏడాదైంది. ఎనిమిదింటికే బయలుదేరి, రైలు పట్టాలు దాటి, స్టేషన్ అవతల గోనెపట్టాలు పరుచుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర కొంటుంది. గిల్లదు, బేరమాడదు. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆమెకు కావలసిందీ అదే. బండి వచ్చే వేళకు ఇంట్లో ఉంటుంది.

కొడుకు అంజన్ పోయిన పదిహేనో నాడు ఆమె ఎప్పటిలాగే బండి దగ్గరికి పోయింది. ఎదురింటి లక్ష్మీకాంతమ్మ వీపు ఇటు తిరిగి ఉంది. టమాటాలు ఏరుకుంటూ పక్కావిడతో, పోరలకు బండ్లిచ్చి రేసులకు తోలితే ఇగ గట్లనే అయితది, తల్లిదండ్రులకైనా సోయి ఉండాలె అంటోంది. వెనక ఎవరున్నారో సాయిలు కళ్లతో సైగ చేసేలోపే మాట అయిపోయింది. నాగమణమ్మ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని వచ్చేసింది. కుండకు మూకుడు వేయొచ్చు గానీ లోకానికి వేయలేం.

లక్ష్మీకాంతమ్మను అనడానికి కూడా లేదు. ఆమె పేపర్లో చదివిన మాటే అన్నది. రెండు వేల నాలుగు, దసరా వెళ్లిన వారం. దబీర్‌పురా మలుపులో తడి రోడ్డు మీద బండి జారి, ఎదురుగా వచ్చిన లారీ కిందికి పోయాడు అంజన్. పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. అదే సాయంత్రం ఎక్కడివాళ్లో పోరగాళ్లు అదే రోడ్డు మీద బైకులు పందెం పెట్టుకుని తోలితే పోలీసులు పట్టుకున్నారు. మర్నాడు పేపర్లో రెండూ కలిసిపోయాయి. 'పాతబస్తీలో బైక్ రేస్. ఇంటర్ విద్యార్థి దుర్మరణం. పెరుగుతున్న పోకిరీల ఆగడాలు.' మూడే మూడు వాక్యాలు, పేరు కూడా లేదు. నాగమణమ్మ చదువు అయిదో తరగతితో ఆగింది. అక్షరాల కింద వేలు పెట్టి జరుపుకుంటూ ఆ మూడు వాక్యాలు చదవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పోకిరీ అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది.

భర్త వైకుంఠం పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. దుకాణంలో మాటకారే గానీ ఆ మాటలు ఇంటికి తెచ్చే మనిషి కాదు. పేపరోళ్లు రాసింది మనం తుడుపుతమా అని ఒక్కసారి అన్నాడు, మళ్లీ ఎత్తలేదు. అంజన్ దోస్తులు మొయిన్, అమర్ పదో దినానికి వచ్చి మూలన నిలబడ్డారు. బండి మొయిన్‌ది. వాళ్లను చూసి చుట్టాలు గుసగుసలాడారు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఇంటి ముందు నుంచి తల వంచుకుని పోయేవాళ్లు. ఆమె రమ్మనలేదు, రావద్దని కూడా అనలేదు.

ఆ పరిస్థితిలో, మరుసటేడు రంజాన్ నెలలో ఒక రాత్రి అన్నాల దగ్గర, కూతురు సాయిప్రియ సినిమా సంగతి ఎత్తింది. ఆ పిల్ల మూసీ అవతల కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం, జర్నలిజం చదువుతోంది. నలుగురేసి పిల్లలు ఒక గుంపుగా పావుగంట సినిమా తీయాలట. విషయం 'ఈనాటి టీనేజర్లు'. పేపర్లో వచ్చిన వార్త ఏదో ఒకటి పట్టుకుని దాని మీద కథ అల్లుకోవాలట. షూటింగ్ మన గల్లీలోనే పెట్టుకుంటాం, ఆదివారం వస్తారు, నలుగురికి అన్నం వండాలి అన్నది. ఏ వార్త అని నాగమణమ్మ అడగలేదు. సాయిప్రియ చెప్పలేదు. కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపి లేచింది.

ఆదివారం పొద్దున పదింటికి వచ్చారు. డైరెక్టరు రచన అనే అమ్మాయి. వాళ్ల నాన్నది విజయవాడ వైపు, ఇక్కడ సెక్రటేరియట్‌లో ఉద్యోగం. పుట్టి బుద్ధెరిగాక చార్మినార్ దాటి ఇవతలికి రావడం ఆ పిల్లకు ఇదే మొదటిసారి. మంచి పిల్లే. కాళ్లకు దండం పెట్టబోయి, చెప్పులున్నాయని గుర్తొచ్చి, విప్పి మళ్లీ వంగింది. కెమెరా పట్టింది శశిధర్ అనే పొడుగాటి కుర్రాడు. హీరో వేషం వరుణ్ అనే తెల్లటి పిల్లవాడిది. వాడికి మెడలో ఎర్ర రుమాలు కట్టారు, చెవికి పోగు తగిలించారు, జేబులోంచి కనబడేలా అట్టముక్కతో చేసిన కత్తి పెట్టారు. రౌడీ గుంపు వేషాలకు సాయిప్రియ పోయి మొయిన్‌నూ అమర్‌నూ, ఇంకో ముగ్గురినీ పిలుచుకొచ్చింది.

నాగమణమ్మ గడప లోపల మెంతికూర తెంపుతూ కూర్చుంది. బయట రచన వరుణ్‌ను చూపిస్తూ పోరగాళ్లకు కథ చెబుతోంది.

"వీడు పాతబస్తీ కుర్రాడు. చదువు సున్నా. నోట్లో గుట్కా, జేబులో కత్తి. గల్లీలో అమ్మాయి పోతుంటే మీరంతా ఈలలు వేయాలి, సీటీలు కొట్టాలి, కామెంట్లు వేయాలి. చివర్లో దబీర్‌పురా మలుపు దగ్గర రేసులో పడి చచ్చిపోతాడు. ఇది నిజంగా జరిగిందే, పేపర్లో వచ్చింది."

అమర్ గడప వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నాగమణమ్మ ఒడిలో మెంతికూర చాటలోకి దులిపి, వంటింట్లోకి పోయి పొయ్యి దగ్గర నిలబడింది. వెనకాలే సాయిప్రియ వచ్చింది.

"ఊరోళ్లు అన్నరంటె ఊరోళ్లు," అన్నది నాగమణమ్మ, కూతురి వైపు తిరగకుండానే. "నువ్వు వాని తోడబుట్టినదానివి."

"అమ్మా, ఆ పేపరు ముక్క రచన ఫైల్ల ఉండె. అది మనదని ఆమెకు తెల్వది. వద్దంటే ఇంకెక్కడనో తీస్తరు, ఇంకెవల్లనో పెట్టి తీస్తరు. అందుకే మన గల్లీకే తెచ్చిన. ఒక్క గంట ఓపిక పట్టు."

"గంటల ఏమైతది బిడ్డా?"

"నాకు గూడ తెల్వదమ్మా," అని సాయిప్రియ పుస్తకాలు గుండెకు హత్తుకుని బయటికి పోయింది. గల్లీలో నడిచే అమ్మాయి వేషం ఎవరికీ ఇవ్వకుండా తనే తీసుకుంది.

తర్వాత జరిగింది నాగమణమ్మ కిటికీలోంచి చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

సాయిప్రియ గల్లీ మొదటినుంచి నడిచి వచ్చింది. బండ్ల మీద అయిదుగురు కాళ్లు చాపుకుని కూర్చున్నారు, వరుణ్ పక్కన తన వంతు కోసం చూస్తున్నాడు. ఆ పిల్ల నాలుగడుగుల దూరంలోకి రాగానే మొయిన్ గబుక్కున బండి దిగి, స్టాండు తీసి, బండిని గోడకు జరిపి దారి ఇచ్చాడు. మిగతావాళ్లు గోడ మీది సున్నాన్ని శ్రద్ధగా చూశారు. రచన ఆపమన్నది. దారి ఇవ్వొద్దు, అడ్డం నిలబడాలి అని మళ్లీ విడమరిచి చెప్పింది. సరే అన్నారు. రెండోసారి అమర్ సీటీ కొట్టాడు గానీ, సాయిప్రియ గల్లీ దాటిపోయాక, ఆకాశం వైపు తిరిగి కొట్టాడు. పక్క బంగ్లా మీద పావురాలు లేచాయి.

"పావురాల్ని పిలుస్తున్నావా నువ్వు?" అన్నది రచన.

"నాకు అదొక్కటే సీటీ వస్తది మేడం," అన్నాడు అమర్.

మూడోసారి గుట్కా. పొట్లం చింపి మొయిన్ చేతికిస్తే అది పట్టుకుని నిలబడ్డాడు. నోట్లో వేసుకుని ఉమ్మేస్తే చాలని రచన బతిమాలింది. వాడు రోజా ఉన్నాడు. మగ్రిబ్ అజాన్ దాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టడు. కావాలంటే సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక వచ్చి ఎంత తాగుబోతు వేషమైనా కడతానన్నాడు. సరే, తాగే సీను కోసం తెచ్చిన మందు సీసా అమర్‌కు ఇవ్వమన్నారు. అందులో డికాషన్ నీళ్లు. వాడు ఎత్తి పట్టుకున్న క్షణాన సందు మలుపులోంచి వాళ్ల నాన్న దోస్తు టైలర్ సాబ్ వచ్చాడు. సీసా వీపు వెనక్కి పోయింది, డికాషన్ ప్యాంటు మీదికి కారింది, అమర్ ఆదాబ్ అన్నాడు. శశిధర్ నవ్వు ఆపుకోలేక కెమెరా ఊపేశాడు.

అలా పద్నాలుగు సార్లు. ఎండ నడినెత్తికి వచ్చింది. రచనకు ఓపిక పోయింది.

"మీరు రోజూ చేసేదే కదా. కెమెరా ముందు చేయడానికి ఏమొచ్చింది మీకు?"

మొయిన్ గుట్కా పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు.

"రోజు చేస్తమని మీకు ఎవరు జెప్పిన్రు మేడం? ఈమె మా అంజన్ వాళ్ల అక్క. అంటే మాకు బాజీ. బాజీని చూసి సీటీ ఎట్ల కొడ్తం?"

"అంజన్ ఎవరు?"

అందరి కళ్లూ గడప వైపు తిరిగాయి. సాయిప్రియ అన్నది, "నీ ఫైల్ల ఉన్న మూడు లైన్లు. ఆ పోరడు."

రచన ముఖం తెల్లబోయింది. శశిధర్ కెమెరా దించడం కూడా మరిచిపోయాడు, అది తిరుగుతూనే ఉంది. నాగమణమ్మ ఎప్పుడు వచ్చి గడపలో కూర్చుందో, మెంతికూర చాట మళ్లీ ఒళ్లోకి ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు. ఆకు తెంపుతూ మాట్లాడింది. ఎదుట ఎవరున్నారన్న ధ్యాస లేకుండా మాట్లాడింది.

"ఆ దినం రైలు దబీర్‌పురాల ఆగిపోయింది. పొద్దుగూకింది, ఒక్కదాన్నే ఉన్ననని బిడ్డ ఫోన్ జేసింది. వాడు అన్నం ముంగట కూసున్నడు. నేనే పొమ్మన్న. అక్కను తోల్కరా పో అన్న. తిన్నంక పోతనన్నడు. లేసి పో అన్న. చెయ్యి కడుక్కొని లేసిండు. మొయిన్‌ను అడిగి బండి తీస్కపోయిండు. గంతే. రేసుల పోయేటోడు తల్లి పొమ్మంటె కంచం ముంగట్కెల్లి లేసి పోతడా?"

ఏదో బాకీ పడిన మాటలా ఇంకొంచెం చెప్పింది.

"వాడేం దేవుడు గాదు. ఫిజిక్సుల తప్పిండు, నాకు జెప్పకుంట దాచిండు. సీటీ గూడ కొట్టేటోడు. బంగ్లా ఎక్కి మొయిన్ పావురాలకు కొట్టేటోడు, అన్నం చల్లారిపోయేదాక దిగకపోతుండె."

తనే పొమ్మన్నానన్న మాట ఆమె అంతకుముందు వైకుంఠానికి కూడా చెప్పలేదు. ఏడాది పాటు అది గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆ రోజు వండిన అన్నం అందరూ తిన్నారు, మొయిన్ తప్ప. వాడు అరటాకులు పరిచి వడ్డించాడు. రచన రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కొచ్చి, సారీ ఆంటీ అన్నది. నాగమణమ్మ ఆ పిల్ల తల నిమిరి పంపింది.

రాత్రి పక్క మీద సాయిప్రియ అన్నది, "నేను ఫోన్ జేయకుంటె వాడు బతికుంటుండె అని నేను అనుకుంట ఉన్ననమ్మా. నువ్వు గూడ నన్ను గట్లనే అనుకుంటున్నవని." నాగమణమ్మ చీకట్లో కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. ఇద్దరిదీ ఒకటే ముల్లు. ఒకే ఇంట్లో ఏడాదిగా ఎవరిది వాళ్లు దాచుకున్నారు.

కానీ అక్కడితో నెమ్మది దొరకలేదు. మూడో రోజు లక్ష్మీకాంతమ్మ గల్లీ అవతలి నుంచి పలకరించింది. మనిషి చెడ్డది కాదు, నోరు ఊరుకోదు.

"కెమెరాల మాట్లాడినవంట గద నాగమణీ. చూస్కో తల్లీ, వాళ్లు కత్తిరిస్తరు, అతికిస్తరు. నువ్వు అనంది గూడ అన్నట్టు జేస్తరు."

అప్పటినుంచి నాగమణమ్మకు తిండి సహించలేదు. తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకుని చూసుకుంది. పరీక్ష తప్పిండు, దాచిండు, సీటీ కొట్టేటోడు. అవి మూడే ఉంచి మిగతావి కోసేస్తే? పేపరు పోకిరీ అన్నదానికి తల్లి సాక్ష్యం కూడా జతైనట్టు కాదా? అప్పుడు పేపరోళ్లు రాశారు, ఇప్పుడు తన నోటితోనే అన్నదవుతుంది. సాయిప్రియను అడిగితే, కత్తిరింపులన్నీ రచన ఇంట్లో కంప్యూటరు మీద జరుగుతున్నాయని, ఇంకా తనకూ చూపలేదని చెప్పింది. ఆరు వారాలు ఆమె ఆ మూడు ముక్కలను మోసింది.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం కాలేజీలో సినిమాలు వేశారు. పెళ్లిళ్ల గిరాకీ రోజులు, వైకుంఠానికి సెలవు దొరకలేదు. నాగమణమ్మ, సాయిప్రియ, మొయిన్, అమర్ బస్సెక్కి పోయారు. పోరగాళ్లిద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ తల్లీకూతుళ్లను పోనిచ్చి వాళ్లిద్దరినీ ఆపాడు. ఎక్కడినుంచి వచ్చారని అడిగాడు. చెప్పగానే కింది నుంచి పైదాకా చూసి, లొల్లి పెట్టడానికి ఇది జాగ గాదన్నాడు. మొయిన్ వెనక్కి తిరగబోయాడు. నాగమణమ్మ నాలుగడుగులు వెనక్కి వచ్చింది.

"నా పిల్లలే. ఎమ్మటి వచ్చిన్రు."

వాచ్‌మన్ మొయిన్ గడ్డం వైపు, ఆమె బొట్టు వైపు చూసి, ఇంకేం అడగకుండా గేటు వదిలాడు.

వాళ్లదానికంటే ముందు రెండు సినిమాలు వేశారు. ఒకదాంట్లో సెల్‌ఫోన్ కొనుక్కున్న పిల్ల నెల తిరక్కుండా చెడిపోయింది. ఇంకోదాంట్లో పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు నోరు తెరిచినప్పుడల్లా హాలంతా నవ్వింది, చివర వాడు ఉరి వేసుకున్నాడు. నాగమణమ్మకు ఒకటి తోచింది. ఈ పిల్లలు తీసిన పిల్లలెవ్వరూ అన్నం తినరు. జిరాక్సుకు రెండు రూపాయలు అడగరు. తువ్వాలు తడిది మంచం మీద వేసి తిట్లు తినరు. వస్తూనే చెడిపోయి ఉంటారు, లేకపోతే చావడానికి వస్తారు. తీసినవాళ్లు కూడా ఆ వయసు పిల్లలే. తమ ఇళ్లలో తాము అట్లా ఉండరు కదా, ఇంకోరి పిల్లల్ని ఎందుకు అట్లా అనుకుంటారు?

తర్వాత తెర మీద 'పద్నాలుగో టేక్' అని పడింది. ఆమె కొంగు ముడి వేళ్లకు చుట్టుకుంది.

మొదట పేపరు ముక్క చూపించారు. తర్వాత రచన గొంతు, పాతబస్తీ కుర్రాడు, చదువు సున్నా, జేబులో కత్తి. తర్వాత మొయిన్ బండి జరిపి దారి ఇవ్వడం. హాలు గొల్లుమంది. నా పిల్లల్ని చూసి నవ్వుతున్నారు అనుకుంది నాగమణమ్మ. అమర్ పావురాలను లేపాడు, మళ్లీ నవ్వారు. సీసా వీపు వెనక్కి పోయింది, ఇంకా నవ్వారు. ఒక్కొక్క దానికీ మధ్యన రచన గొంతు వస్తోంది, అట్లా కాదు, రౌడీలా చూడు, రౌడీలు ఇట్లా నిలబడరు అని. నవ్వు ఆ గొంతు వచ్చినప్పుడు పెద్దదవుతోందని ఆమెకు నాలుగైదు సార్లయ్యాక తెలిసింది. పక్కన మొయిన్ కూడా నవ్వుతున్నాడు.

"మీరు రోజూ చేసేదే కదా" అన్న మాట వచ్చేసరికి హాల్లో నవ్వు ఆగింది. ఆ పిల్ల తన మాటను తనే కోయకుండా ఉంచుకుంది.

ఆ వెనకాల మెంతికూర తెంపే రెండు చేతులు. ముఖం చూపలేదు. రైలు ఆగడం, ఫోన్, అన్నం కంచం, నేనే పొమ్మన్న. నాగమణమ్మ ముందుకు జరిగి వింది. ఫిజిక్సు వచ్చింది. సీటీ గూడ కొట్టేటోడు అని వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆగకుండా పావురాలూ వచ్చాయి, చల్లారిన అన్నమూ వచ్చింది. ఒక్క ముక్క పోలేదు. ముందుది వెనక, వెనకది ముందు కాలేదు. అంజన్ ఎట్లా ఉండేవాడో అట్లాగే, తప్పిన పరీక్షతో సహా, ఆ హాల్లో అందరి ముందూ ఉన్నాడు.

దీపాలు వేశాక ముందు వరసలో జడ్జిగా కూర్చున్న పెద్దాయన లేచి, ఇందులో కథ లేదు, పాతబస్తీ సమస్య ఏదీ కనబడలేదు అన్నాడు. రచన మైకు పట్టుకుని, "సమస్య మేమే రాసుకుని పట్టుకెళ్లాం సార్. అక్కడ దాన్ని చేసేవాళ్లు దొరకలేదు," అన్నది. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. బహుమతి ఉరి వేసుకున్న కుర్రాడి సినిమాకు వచ్చింది. సాయిప్రియ కొంచెం చిన్నబుచ్చుకుంది. నాగమణమ్మకు ఆ సంగతి పట్టలేదు. ఆమెకు ఆకలవుతోంది. కడుపులో పేగులు అరిచేంత ఆకలి.

"ఏమన్న తిందామా?" అని తనే అడిగింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు. కాలేజీ క్యాంటీన్‌లో రెండు సమోసాలు తిని మూడోదానికి చెయ్యి చాపింది. అమర్ తనది కూడా జరిపి, "తిను అమ్మా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. పోరగాళ్లు గల్లీ మొదట్లోనే సెలవు తీసుకోబోయారు. చాయ్ తాగి పొమ్మన్నది ఆమె. ఇద్దరు కూర్చుంటే వాసన పట్టినట్టు రౌడీ వేషాల ముగ్గురూ కూడా వచ్చి చేరారు. ఇంటి ముందు అరుగు నిండింది. సినిమాలో ఎవరెవరు ఎట్లా కనబడ్డారో అమర్ చేసి చూపిస్తుంటే మొయిన్ వీపు మీద చరిచాడు. గొంతులు లేచాయి. మస్తు లొల్లి. నాగమణమ్మ రెండోసారి పాలు కాచింది. ఆమె ఎవరినీ మెల్లగా మాట్లాడమనలేదు.

వాళ్లు పోయాక లక్ష్మీకాంతమ్మ తన గుమ్మంలోంచి అడిగింది, ఆ పోరగాళ్లకు ఇక్కడేం పని, ఇంతసేపు ఏం లొల్లి అని.

"అంజన్ దోస్తులు," అన్నది నాగమణమ్మ. "పొద్దుగాల రా వదినె, అన్నీ జెప్త."

సాయిప్రియ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని అరుగు మీది గ్లాసులు ఏరబోయింది. అయిదు గ్లాసులు, ఒకటి పక్కకు పడి ఉంది, ఇంకోదాని చుట్టూ చాయ్ మరక రంగు తేలింది. ఎంగిలి గ్లాసు రాత్రి బయట ఉంచడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. నాగమణమ్మ కూతురి చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ."

"చీమలు పడ్తయమ్మా."

"పడనీ. తెల్లారి నలుగురు లేసి అటు ఇటు పోతూ చూసేదాక అక్కడనే ఉండనీ," అని ఆమె లోపలికి పోయి, కాళ్లు చాపుకుని కూర్చుంది.